బావ బిగించిన మూత

గిన్నెకు మూత బిగించేటప్పుడు లోపల మాంసం లేదన్న సంగతి బావకు తెలుసా, తెలియదా? ఆ రోజు ఆ బల్ల చుట్టూ కూర్చుని తిన్నవాళ్ళలో ఏ ఇద్దరూ ఈ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పరు. అందరికంటే దగ్గరగా చూసింది ఆయన మరదలు. ఆమెనడిగితే ఒకరోజు తెలుసంటుంది, ఇంకోరోజు పాపం తెలీదంటుంది. మళ్ళీ అడిగితే "ముందు ఆ కత్తెర ఇటివ్వండి" అని సూదిలో దారం ఎక్కించుకుంటుంది.

ఆ మరదల్ని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పేరు పెట్టింది బావే. అక్క పెళ్ళయిన కొత్తలో ఆమె ఇంకా గౌన్లు వేసుకునే పిల్ల, ఒక్క చోట కుదురుగా కూర్చునేది కాదు. ఇప్పుడు కర్టెన్ల కొట్లో మిషను ముందు రోజంతా కుదురుగానే కూర్చుంటుంది. జుట్టు సగం నెరిసింది. పేరు మాత్రం ఎగిరిపోలేదు.

బావ ఆస్పత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో బాయిలర్ మనిషి. బాయిలర్‌కి పక్కన గేజి అనే ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అందులో కనిపిస్తుంది. ఆ గొట్టాన్ని చూస్తూ కూర్చోవడమే ఆయన ఉద్యోగం. పైకి చూస్తే ఏ పనీ చేయనట్టే ఉంటుంది. చూడ్డం మానేస్తేనే, ఆయనేం పని చేస్తున్నాడో పేటంతటికీ తెలిసేది.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. షిఫ్టు మారేటప్పుడు దిగే మనిషి ఎక్కే మనిషికి గొట్టం చూపిస్తాడు. వచ్చినవాడి కళ్ళు నీటి మీద నిలిచాయని రూఢి అయ్యాక, దిగేవాడు వెళ్ళిపోతాడు. "వెళ్ళొస్తా" అనకూడదు. అంటే వచ్చినవాడు మర్యాద కోసం తల తిప్పుతాడు. తల తిప్పితే చూపు పోయినట్టే. బావ ఈ పద్ధతిని ఇంటికి కూడా పట్టుకొచ్చాడు. ఎవరింటికి వెళ్ళినా తిరిగి వచ్చేటప్పుడు చెప్పడు. మాటల మధ్యలో పక్కకి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంటుంది, అంతే. కొత్తలో అక్క చుట్టాలందరికీ సంజాయిషీలు చెప్పుకుని చచ్చేది. తర్వాత్తర్వాత చుట్టాలే "అదిగో, ఆయన షిఫ్టు దిగాడు" అనుకోవడం మొదలెట్టారు.

రిటైరయిన రోజు లాండ్రీలో సభ పెట్టారు. మేనేజరు మంచి మాటలన్నీ చెప్పి, గోడగడియారం చేత్తో పట్టుకుని "రండి" అనేసరికి వేదిక మీద బావ లేడు. బావ తర్వాతి మనిషికి గొట్టం చూపించి, వెనక గేటు నుంచి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. గడియారం మర్నాడు దుప్పట్ల వ్యానులో వచ్చింది.

అక్క కష్టాలు అప్పుడు మొదలయ్యాయి. చూడ్డానికి బాయిలర్ లేకపోయేసరికి ఇంట్లో ప్రతిదీ ఆయనకు బాయిలర్‌లాగే కనపడసాగింది. టీ కెటిల్‌కి ఎర్ర గీత గీసి, నీళ్ళు ఆ గీత దాటితే అక్కని పేరు పెట్టి కేకేసేవాడు. స్నానాల గదిలో వేడినీళ్ళ పైపుకి చలి తగులుతోందని అక్క ఊలు శాలువా చుట్టి, తీగతో బిగించి కట్టాడు. శాలువా కోసం ఇల్లంతా జల్లెడ పట్టిన అక్క చివరికి స్నానానికి వెళ్ళి, అక్కణ్నుంచి అరిచిన అరుపుకి పై అంతస్తు డ్రిల్లు మేష్టారు మెట్లు దిగి వచ్చి తలుపు కొట్టాడు.

ఒక్క ఆదివారం సాయంత్రం భోజనం మాత్రం బావ చేతికి అందనంత ఎత్తులో ఉండేది. అది అక్క సామ్రాజ్యం. పెద్ద ఇనప గిన్నె నిండా గొడ్డు మాంసం స్ట్యూ. మెత్తగా ఉడికిన కాలి మాంసం, క్యారెట్లు, బంగాళదుంపలు, పైన మిరియాల పొడి. పక్కన వేడి చేసిన బ్రెడ్డు. తమ్ముడూ అతని భార్యా, పిచ్చుకా వచ్చేవాళ్ళు. తిన్నాక కూడా ఎవరూ లేచేవాళ్ళు కాదు. ప్లేట్లు ఎండిపోయేదాకా కూర్చుని, చనిపోయినవాళ్ళ మీదా బతికున్నవాళ్ళ మీదా సమానంగా చాడీలు చెప్పుకునేవాళ్ళు. అక్కకి పిల్లల్లేరు. వారమంతా ఆమె ఆ ఎండిపోయే ప్లేట్ల కోసమే ఎదురు చూసేది.

అలాంటి అక్క ఒకరోజు కర్టెన్ తగిలించబోయి స్టూలు మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కర్టెన్ కుట్టింది పిచ్చుకే కాబట్టి ఆ పాపంలో తనకూ వాటా ఉందని ఆమె అనుకుంది. చెయ్యి కట్టులో పడింది. చూడ్డానికి తమ్ముడు వచ్చాడు. అతను సోఫాల షోరూములో సేల్స్ మనిషి. ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీని అరచేత్తో నొక్కి చూసి గానీ కూర్చోడు. బావ అతన్ని చాటుగానూ ఎదటా కూడా "షోరూమ్" అనే పిలుస్తాడు.

"అక్కా, ఇంక ఈ గిన్నెలూ గోలా నీకెందుకే?" అన్నాడు షోరూమ్. "ఇకనుంచి ఆదివారాలు హోటల్లో కలుద్దాం. తిన్నామా, చెయ్యి కడుక్కున్నామా, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళామా. హాయి."

అక్క కట్టు మీద లేని దుమ్ము దులుపుకుంది. ఆ చివరి మాటే ఆమెకు గుచ్చుకుందని పిచ్చుకకి అర్థమైంది.

బావకి కూడా అర్థమైనట్టుంది. పేపరు మడిచి, "నేను చేస్తాను" అన్నాడు.

"ఏం చేస్తారు?"

"స్ట్యూ."

"మీకు వచ్చా బావగారూ?"

"మీ అక్క చేస్తుంటే ఇన్నేళ్ళూ చూశాను కదయ్యా."

"చూడ్డం, చేయడం ఒకటేనా?"

"నా ఉద్యోగమే చూడ్డం."

షోరూమ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "సరే, ఈ ఆదివారం చూద్దాం. మీ గిన్నె పేలితే మాత్రం పై వారం నుంచి హోటలే. అక్కా, నువ్వు సాక్షి."

ఆదివారం పొద్దున పిచ్చుక బ్రెడ్డు సంచితో వచ్చేసరికి బావ వంటింట్లో ఉన్నాడు. ఇస్త్రీ చేసిన నీలం కోటు వేసుకుని ఉన్నాడు. లాండ్రీలో వేసుకునేదే. పై గుండీ దాకా పెట్టుకున్నాడు. అది చూసి ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఇంకేదో కూడా వచ్చింది, దాంతో నవ్వు ఆగిపోయింది.

మూకుడులో మాంసం ముక్కలు చిటపటలాడుతున్నాయి. అన్నీ ఒకేసారి వేస్తే నీరు ఊరి ఎర్రబడవని కొన్ని కొన్నిగా వేసి, నాలుగు వైపులా తిప్పి, ఎర్రగా అయినవాటిని పక్కన పళ్ళెంలో పెడుతున్నాడు. నిన్నంతా బొమికలు మరగబెట్టి వడకట్టిన రసం పెద్ద గిన్నెలో సిద్ధంగా ఉంది. అందులోంచి ఒక జగ్గు నిండా తీసి కిటికీ పక్కన పెట్టాడు.

"అదెందుకు బావా?"

"రిజర్వు. నీళ్ళ ట్యాంకు ఒక్కటే ఉన్న బాయిలర్ రూములో నేనడుగు పెట్టను."

అక్క గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. చెయ్యి మెళ్ళో వేలాడుతోంది కానీ నోటికి కట్టు లేదు. "మంట తగ్గించండి. అయ్యో, ఉల్లిపాయలు అంత లావా? అవి ఉల్లిపాయలా, తలుపుకి ఆపుగా పెట్టే రాళ్ళా?"

"నువ్వు గేజి చూస్తూ ఉండు. వాల్వుల జోలికి రాకు."

పిచ్చుకని ఆయన మిరియాలకి కొట్టుకి పంపించాడు. అదే సమయంలో అక్క నొప్పి బిళ్ళ వేసుకోడానికి గదిలోకి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేసరికి ఇనప గిన్నె పొయ్యి మీద ఉంది. మిరియాలు వేసి, మూత పెట్టి, ఆవిరి పోకుండా మూత చుట్టూ పిండి ముద్దని తాడులా పేని అతికించాడు. "గాస్కెట్టు" అన్నాడు. తర్వాత గిన్నెకేసి వేలు చూపిస్తూ ఒకటొకటే అప్పగించుకున్నాడు. "బొమికల రసం. ఉల్లిపాయ. క్యారెట్టు. దుంప. మాంసం. మిరియం. ఇంక సాయంత్రం దాకా ఎవడూ ముట్టుకోడానికి వీల్లేదు." అక్కని మూతకి కాపలా పెట్టి, తను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "మాంసం" అని ఆయన నోటితో అనడం పిచ్చుక చెవులారా వింది.

ఇల్లంతా కమ్మటి వాసన. బొమికల రసానిదే అది, కానీ ఎవరికి అనుమానం వస్తుంది?

మధ్యాహ్నం బ్రెడ్డు పెట్టడానికి జాగా ఉందో లేదో చూద్దామని పిచ్చుక ఓవెన్ తలుపు తీసింది. లోపల ఒక పళ్ళెం, దాని మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఉంది. పై పళ్ళెం ఎత్తి చూసింది.

మాంసం. ఎర్రగా వేగి, పొందిగ్గా, ఒక్క ముక్క తగ్గకుండా అంతా అక్కడే ఉంది.

 వాకిట్లో తిరిగే పిల్లి ముట్టకుండా బావ ఓవెన్లో దాచాడు, దాచి మర్చిపోయాడు! తలుపు చప్పుడు కాకుండా మూసింది. ఇప్పుడు చెబితే? అక్క ఇక్కడే ఉంది. అక్క వింటే, బతికున్నంత కాలం చెబుతుంది. షోరూమ్‌కి తెలిస్తే కార్డులు కొట్టించి పంచుతాడు. ఆ నీలం కోటు పై గుండీకేసి చూసి పిచ్చుక ఆ మాట మింగేసింది.

"బావా, ఒకసారి మూత తీసి ఉప్పు చూస్తే బావుంటుందేమో."

"ఒత్తిడి పోతుంది."

"కొంచెం. కొసంత."

"పిచ్చుకా, బాయిలర్‌కి కొసంత తెరవడం అని ఒకటుండదు."

"అది కాదు బావా, ఒక్క మాట ఇలా హాల్లోకి రా..."

"మూత సంగతి తప్ప ఏదైనా మాట్లాడు, ఇక్కడే వింటాను."

అక్క కళ్ళు చిట్లించింది. "ఏంటే, గిన్నె చుట్టూ ఈగలా తిరుగుతున్నావు?"

ఇంక లాభం లేదనుకుంది పిచ్చుక. బ్రెడ్డు సంచి ఖాళీ చేసింది. బావ బయట వాకిట్లో పిల్లిని అదిలిస్తున్న సమయం చూసి, అక్కకి వీపు అడ్డం పెట్టి, పళ్ళెం సంచిలోకి దించింది. కిటికీ పక్కనున్న రిజర్వు జగ్గు కూడా సంచిలో పెట్టింది. "దుప్పటి ఇచ్చొస్తానే, మేష్టారిది కుట్టాను" అని మెట్లెక్కేసింది. వెనకనుంచి అక్క, "దుప్పటి కారుతోందేంటే?" అన్న మాట వినిపించనట్టు నటించింది.

డ్రిల్లు మేష్టారు ఒంటరి మనిషి. సంగతంతా విని ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ప్రెషర్ కుక్కరు దించి, తుడిచి, పొయ్యి ముందు నిటారుగా నిలబడ్డాడు. "ఎప్పుడు వెలిగించమంటావో చెప్పమ్మా." మాంసం, రసం, చిటికెడు ఉప్పు. మూత పడింది.

కానీ కుక్కరుకి రహస్యాలు దాచే అలవాటు లేదు. కాసేపటికి అది వేసిన కూత వీధి చివరిదాకా పోయింది. డ్రిల్లు మేష్టారు అలవాటు కొద్దీ కాళ్ళు దగ్గరికి చేర్చాడు.

కింద బావ గొంతు వినిపించింది. "పైన ఎవరో కుక్కరు పెట్టారే!"

"పెడితే పెట్టుకోనీండి, మీకెందుకు?" అక్క.

"ఆ కూత వినలేదూ? మంట ఎక్కువైంది. మాంసమది. తొందరపెడితే పీచు పట్టేస్తుంది." అంతలో ఆయన మెట్ల మొదట్లోకి వచ్చి పైకి కేకేశాడు. "మేష్టారూ! మంట తగ్గించండి!"

మేష్టారు పిచ్చుకకేసి చూశాడు. పిచ్చుక తగ్గించమని సైగ చేసింది. "తగ్గించానండీ!" అని అరిచాడు మేష్టారు.

తర్వాత చాలాసేపటికి, ఇంకేం ఉడికిపోయి ఉంటుందని ఆమె పొయ్యి ఆపబోయింది. కిందనుంచి గొంతు. "మేష్టారూ, అప్పుడే ఆపకండి! ఇంకొక్క కూత రానీండి. అది కాలి మాంసం!"

పిచ్చుక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కాలి మాంసమని ఆయనకెలా తెలుసు? కూత వినే చెప్పేశాడా? లేకపోతే... ఆ 'లేకపోతే' దగ్గరే ఆమె ఇప్పటికీ ఆగి ఉంది.

కుక్కరు మేష్టారికి అప్పగించి కిందికి దిగేసరికి షోరూమూ, అతని భార్య వదినా వచ్చేశారు. కిటికీ పక్కన రిజర్వు జగ్గు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. బావ ఆ ఖాళీకేసి చూశాడు, ఆమె చేతిలో ఖాళీ సంచికేసి చూశాడు. తర్వాత బల్ల మీద స్పూన్లు సర్దడం మొదలెట్టాడు. ఎలాగైనా ఒక్క నిమిషం ఆయన్ని ఒంటరిగా పట్టుకోవాలని పిచ్చుక చూసింది గానీ, షోరూమ్ పక్కనుంచి కదిలితేగా.

"ఏం బావగారూ, పేలలేదన్నమాట!" షోరూమ్ కుర్చీ నొక్కి కూర్చున్నాడు. "వాసన మాత్రం అదిరింది. సగం మార్కులిచ్చా."

బావ గిన్నెని రెండు చేతులతో తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. కత్తితో పిండి కట్టు చుట్టూ గీసి, మూత ఎత్తాడు. ఆవిరి పైకి లేచింది. అందరూ "ఆహా" అన్నారు, ఒక్క పిచ్చుక తప్ప. ఆమె కళ్ళు మూసుకుంది.

షోరూమ్ గరిటె అందుకుని అడుగు నుంచి కలిపాడు. దుంప వచ్చింది. మళ్ళీ కలిపాడు. క్యారెట్టు. ఇంకోసారి. రెండు దుంపలు, సగం ఉల్లిపాయ.

"బావగారూ," అన్నాడు చాలా మెల్లిగా, చాలా ఇష్టంగా. "ఆవు ఈ గిన్నె పక్కనుంచి నడిచి వెళ్ళిందా?"

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.  మూతకి కాపలా కూర్చున్నది అక్కే. ఆమె కట్టు ఉన్న చెయ్యి బల్ల మీద పెట్టి, గిన్నెలోకి కాకుండా, చుట్టూ ఉన్న కుర్చీలకేసి ఒక్కొక్కదాన్నే చూసింది. వచ్చే ఆదివారం ఖాళీగా ఉండబోయే కుర్చీల్ని ఇప్పుడే చూస్తున్నట్టు.

బావ మూత పక్కన పెట్టాడు. తొందరేమీ లేకుండా చేతులు తుడుచుకున్నాడు.

"మాంసం అడిగే వేడి వేరు, దుంప అడిగే వేడి వేరు" అన్నాడు. "రెండింటినీ ఒకే బాయిలర్‌లో పెడితే ఒకటి ఉడికేలోగా ఇంకోటి పిండవుతుంది. అందుకే రెండో బాయిలర్ పైన పెట్టించాను. పిచ్చుకా, దింపించు."

పిచ్చుక కళ్ళు తెరిచింది. నోరు కూడా తెరిచింది. మాటకంటే ముందే కాళ్ళు మెట్ల వైపు పరిగెత్తాయి. ఆ పరుగు చూస్తే పాత పేరు కొత్తగా పెట్టాలనిపించేది.

డ్రిల్లు మేష్టారు కుక్కరుని రెండు చేతుల్లో ఛాతీకి సమానంగా పట్టుకుని, తిన్నగా ముందుకు చూస్తూ గుమ్మంలోంచి వచ్చాడు. బావ కుక్కరు మూత తీసి, వాసన చూసి, తల ఊపి, మాంసమంతా గిన్నెలోకి ఒంపాడు. రెండు రసాలూ కలిశాయి. గరిటె తగిలితే చాలు ముక్క విడిపోతోంది. దుంపలు మాత్రం విడిపోకుండా నిలబడ్డాయి.

"మరి అక్క ఎప్పుడూ అన్నీ ఒకేసారి వేసేది కదా?" షోరూమ్ ఇంకా వదలదలుచుకోలేదు.

"నా వంట జోలికొచ్చావంటే ఈ కట్టుతోనే కొడతాను" అంది అక్క. "తిను ముందు."

తిన్నాడు. ఒకసారి తిని, ఇంకోసారి వేయించుకుని, ఆపైన గిన్నె అంచుని బ్రెడ్డుతో తుడుస్తూ, "మర్చిపోయి ఉంటాడు, మర్చిపోయి కప్పెట్టేశాడు. నేను సోఫాలమ్మేవాణ్ని, నాకు తెలీదా?" అని భార్య చెవిలో అన్నాడు. కూర్చోమంటే మేష్టారు కూడా కూర్చున్నాడు. లెమ్మనేవాళ్ళు లేకపోయేసరికి కూర్చునే ఉన్నాడు. అక్క అప్పుడే మాటల్లో పడింది. ఎవరో దూరపు చుట్టం రెండో పెళ్ళి సంగతి మొదలైంది. హోటల్ మాట ఎవరూ ఎత్తలేదు.

"వచ్చే ఆదివారం బ్రెడ్డు నేను తెస్తాలే" అన్నాడు షోరూమ్ ఆవలిస్తూ. "పిచ్చుక తెచ్చేది మరీ చిన్నది."

అక్క విననట్టు వింది. ప్లేట్లు ఎండుతున్నాయి.

పిచ్చుక బావకేసే చూస్తోంది. అడగాలి. అందరూ వెళ్ళాక కాదు, ఇప్పుడే. ఓవెన్లో పెట్టింది మర్చిపోయా, కావాలనా? ఆ కేకలు మేష్టారికా, నాకా? ఆయన లేచి ఆమె పక్కకి వచ్చాడు, గరిటె ఆమె చేతిలో పెట్టాడు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"అడుగున ఇంకా ఉంది. కనిపిస్తోందా?"

ఆమె గిన్నెలోకి వంగి చూసింది. రసం సగానికి కొంచెం కింద ఉంది. రెండు మాంసం ముక్కలు, ఒక దుంప.

"కనిపిస్తోంది బావా."

"మీ అక్క సరిగా తినలేదు. వెయ్యి."

ఆమె జాగ్రత్తగా రెండు ముక్కలూ గరిటెలోకి తీసి, ఒలకకుండా అక్క ప్లేట్లో వేసింది. అక్క మాట ఆపకుండానే ప్లేటు ముందుకు జరిపింది. "అది కాదే, ఆ పెళ్ళికొడుక్కి అప్పటికే..."

"బావా, నిజం చెప్పు" అంటూ పిచ్చుక తలెత్తింది.

కుర్చీ బల్ల కిందికి తోసి ఉంది. వీధి తలుపు ఓరగా తీసి ఉంది. గుమ్మం దగ్గర ఆయన చెప్పులు లేవు.